గీయడం రాని నాకు పూల చెట్లు గీయడం ఎలా పనికొచ్చిందంటే

ఉద్యోగం పోయి ఆరు నెలలైందని, దేని మీదా మనసు నిలవడం లేదని, ఎవరో బొమ్మలు వేయమన్నారని మీరు రాశారు. అసలు గీయడమే రానివాళ్ళకి దానివల్ల ఏం ఒరుగుతుందని అడిగారు. నాకు జరిగింది చెబుతాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మూడేళ్ళ క్రితం మార్చిలో మా రొయ్యల చెరువుకి వైట్‌స్పాట్ అనే వైరస్ తెగులు తగిలింది. ఇంకో ఇరవై రోజులాగితే పట్టుబడి. పొద్దున్నే వెళ్ళేసరికి రొయ్యలు నీరసంగా గట్టు వారకి చేరి ఉన్నాయి, పెంకు మీద తెల్లటి చుక్కలు. మేత బాకీ, చెరువు లీజు, ఇంట్లో బంగారం, అన్నీ దాంతోనే పోయాయి. తర్వాత రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు. మా ఆవిడ పిలిస్తే లేచి తినడం, మళ్ళీ మంచమెక్కడం.

మే సెలవుల్లో మా అమ్మాయి రంగుల డబ్బా పట్టుకుని, కాలువగట్టు మీది తురాయి చెట్టు దగ్గరికి తోడు రమ్మంది. అరగంటకే ఎండ అంటూ ఇంటికి పోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. చేతిలో బ్రష్ ఉంది కదా అని వేశాను. ఆకుపచ్చ ఆరకుండానే మీద ఎరుపు పెట్టేసరికి రెండూ కలిసి బురద రంగు తేలింది. ఆ ఎరుపు ఎందుకలా పాడైందా అని రాత్రంతా అదే ఆలోచన. రేపు పొద్దున్నే వెళ్ళి మళ్ళీ వేయాలి అనుకుంటూ నిద్రపోయాను. మార్చి తర్వాత ‘రేపు’ అన్న మాట భయం లేకుండా అనుకున్నది ఆ రాత్రే.

మర్నాడు రాలిన పువ్వొకటి ఒళ్ళో పెట్టుకుని చూశాను. అయిదు రేకుల్లో నాలుగు ఒకేలా ఎర్రగా ఉన్నాయి. అయిదోది మాత్రం నిటారుగా నిలబడి, తెలుపూ పసుపూ కలిసి, మీద ఎర్ర చుక్కలు చల్లినట్టుంది. చిన్నప్పుడు ఆ పువ్వు కేసరాలతో కోడిపందేలు ఆడినవాణ్ణి, ఆ రేకుని ఒక్కసారీ చూడలేదు!

మీరూ మొదలుపెడితే ఒక్కొక్క పువ్వూ గీయబోకండి. కళ్ళు సగం మూసి చూస్తే చెట్టు నాలుగైదు రంగు ముద్దల్లా కనిపిస్తుంది. ముందు ఎరుపు ముద్దలు వేసి, పూర్తిగా ఆరాక చుట్టూ ఆకుపచ్చ నింపండి. డబ్బులు పెట్టాలంటే కాగితం మీద పెట్టండి. 300 జీఎస్ఎం అని రాసి ఉండే మందపాటి కాగితమైతే తడికి అంతగా ముడతలు పడదు. రంగులు పిల్లలవైనా చాలు.

వేసవిలో మాకు కాలువలు కట్టేస్తారు కాబట్టి నా మొదటి బొమ్మలన్నిటిలో కింద ఎండిన మట్టే ఉంటుంది. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలినప్పుడు గట్టు మీదే ఉన్నాను. ముందు నురగ, పుల్లలు, చెత్త వచ్చాయి. వెనకే నీళ్ళు లేచి, అడుగున రాలిపడ్డ ఎర్ర రేకుల్ని ఎత్తుకుపోయాయి. ఆ రోజు ఏమీ గీయలేకపోయాను, ఏడుపొచ్చింది. ఎందుకో చాలా తేలికపడ్డాను.

తురాయి అయిపోయాక కదంబం వచ్చింది, శీతాకాలం మొదట్లో ఆకాశమల్లె, సంక్రాంతికి మామిడి పూత, ఉగాది దాటాక గట్టంతా పేలాలు పోసినట్టు కానుగ పూలు. ఏ నెలైనా తర్వాత పూసేదేదో ఒకటి ఉంటుందని నలభై దాటాక తెలిసింది. రాజమండ్రి వెళ్తే చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ తప్పక చూడండి. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే పోయారాయన. ఎంత పని చేశారో చూసి, నేను బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

బొమ్మలు అప్పు తీర్చవు. నాది ఇంకా రెండేళ్ళు కట్టాలి. కానీ బ్యాంకుకి వెళ్ళి గడువు అడిగే ధైర్యం, ఒకెకరం చేపలు వేసే ఓపిక ఆ వేసవి తర్వాతే వచ్చాయి. మీకు నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా మాత్రం రంగుల కోసం ఆగకండి. మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, ఏ వేళైనా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరికీ వెళ్ళండి, నేనూ వెళ్ళాను.

కడియం నర్సరీలో కొన్న రేల మొక్క మా పెరట్లో నా భుజం దాకా ఎదిగింది. ఇంకా పూయలేదు. దాని కోసం పసుపు రంగు ట్యూబొకటి మూత తీయకుండా ఉంచాను.