ప్యాకెట్ కూరలా, సొంత వంటా?

"అక్కా, నాకు వంట రాదు. ఇండియన్ స్టోర్‌లో అన్నీ రెడీగా దొరుకుతాయట కదా, వాటితో గడిచిపోదా?" అని అడిగావు. గడుస్తుంది తమ్ముడూ, కానీ చేతిలో డబ్బు నిలవదు. లోన్ మీద అమెరికా చదువుకు వస్తున్నానన్నావు కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను.

డాలస్ దగ్గర ఎమ్మెస్‌లో చేరిన కొత్తలో నేను పొయ్యి దగ్గరికే వెళ్లేదాన్ని కాదు. పాలక్ పనీర్, రాజ్మా ప్యాకెట్లు, ఫ్రోజెన్ పరాటాలు కార్ట్ నిండా వేసుకునేదాన్ని. ఒక్కోటి రెండు మూడు డాలర్లే కదా అనిపించేది. ఇద్దరికి సరిపోతుందని రాసిన ప్యాకెట్ ల్యాబ్ నుంచి ఆకలితో వచ్చిన నా ఒక్కదానికే చాలేది కాదు. రాత్రి పదింటికి మళ్లీ పిజ్జా. అన్నీ క్రెడిట్ కార్డు మీదే. మినిమమ్ డ్యూ, అంటే బ్యాంకు అడిగే కనీస మొత్తం, కట్టి ఊరుకుంటే మిగతాదానికి వడ్డీ పడుతుందని తెలిసేసరికి సెమిస్టర్ అయిపోయింది. విజయవాడలో నాన్నగారు నా చదువు లోన్‌కి వడ్డీ కడుతుంటే, ఇక్కడ నేను తిన్న పరాటాలకు వడ్డీ కట్టాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

లెక్క వేసుకో. 20 పౌండ్ల సోనామసూరి బస్తా అంటే తొమ్మిది కిలోలు. రోజుకు పావుకిలో వండుకున్నా నెల దాటి వస్తుంది. నాలుగు పౌండ్ల కందిపప్పు ఒక మనిషికి మూడు వారాలు ఎటూ పోదు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని ఉండదు (ఆ రూల్స్ మీ యూనివర్సిటీవాళ్లే చెబుతారు), అందుకే ప్యాకెట్ కొనేటప్పుడు అది ఎన్ని నిమిషాల జీతమో చూడు.

అలాగని అన్నీ మానమనను. ఫ్రోజెన్ మునక్కాడలు, తురిమిన కొబ్బరి, గోంగూర తప్పకుండా కొను, తాజావి వెతికితే ఇంకా ఖరీదు. పరాటాలు పరీక్షల వారానికి ఒక ప్యాకెట్ చాలు. డబ్బాలో అమ్మే ఇడ్లీ పిండి మాత్రం వద్దు. గ్లాసు మినప్పప్పు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపితే రూమ్‌మేట్లందరికీ వస్తుంది. చలికాలం పులవకపోతే గిన్నెను ఓవెన్‌లో పెట్టి లైటు మాత్రం వేసి ఉంచు, ఓవెన్ ఆన్ చేయకు. తలుపు మీద "లోపల పిండి ఉంది" అని కాగితం అంటించు. లేకపోతే ఎవరో ఒకరు పిజ్జా కోసం దాన్ని వేడి పెట్టేస్తారు.

కుక్కర్ ఇంటి నుంచి తెచ్చుకో. మిక్సీ తేవద్దు, ఇక్కడే కొనుక్కో; ఇక్కడి కరెంటు 120 వోల్టులు, మన మిక్సీ సరిగా తిరగదు. మాంసం పచ్చళ్లు పెట్టెలో పెట్టకు, మిగతావి కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకో. పోపు వేసేముందు కిటికీ తీసి ఫ్యాన్ వెయ్యి. ఎండుమిర్చి పొగకు స్మోక్ అలారం మోగుతుంది.

వచ్చిన రోజు నుంచే స్టోర్ బిల్లులన్నీ ఒక కవర్లో వెయ్యి. నెలాఖరున ప్యాకెట్ల ఖర్చు విడిగా కూడి, ఎంతయిందో నాకు రాయి.