చికరింగ్ వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. జోనాస్ చికరింగ్ మీద నువ్వు రాసిన వ్యాసం ఆసాంతం చదివాను. బోస్టన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఆ ఊళ్లో ఒకప్పుడు పియానోలు చేసినాయన గురించి తెలుగులో రాయాలని నీకు బుద్ధి పుట్టడమే నాకు సంతోషం. నీ వాక్యం బాగుంది, తడబాటు లేదు. ఇక మెచ్చుకోళ్లు ఆపి పనిలోకి దిగుతాను.

మొదటి వాక్యంలోనే ఆయన్ని "అమెరికా పియానో పితామహుడు" అన్నావు. అది కొట్టెయ్. మనవాళ్లకు ఈ జబ్బు ఎక్కువ. ఏ రంగమైనా సరే, ఒక పితామహుణ్ని కూర్చోబెట్టి దండ వేస్తే తప్ప కలం కదలదు. చికరింగ్ న్యూ హాంప్‌షైర్‌లో పుట్టింది 1798లో. 1775లోనే ఫిలడెల్ఫియాలో జాన్ బెరెంట్ తాను పియానో చేశానని పత్రికలో ప్రకటించుకున్నాడు. బోస్టన్ పక్కన మిల్టన్‌లో బెంజమిన్ క్రీహోర్ పియానోలు చేశాడు. చికరింగ్ ఈ పని నేర్చుకున్నది కూడా బోస్టన్‌లో జాన్ ఆస్‌బర్న్ అనే ఆయన దగ్గర. ముందు ఇంతమంది ఉన్నారని చెబితే మీ కథానాయకుడికి వచ్చే నష్టమేమీ లేదు. 1823లో జేమ్స్ స్టీవర్ట్‌తో కలిసి దుకాణం పెట్టి, ఏప్రిల్ 15న తొలి పియానో 275 డాలర్లకు అమ్మాడే, అక్కడ మొదలుపెట్టు. ధర చెప్పగానే పాఠకుడు లేచి కూర్చుంటాడు.

అసలు సరుకు నీ వ్యాసంలో ఒకే ఒక్క వాక్యంలో ఇరుక్కుపోయింది: "ఆయన పియానోకు ఇనుప చట్రం బిగించాడు." అంతే, అక్కణ్నుంచి ఎకాఎకిన పతకాల దగ్గరికి దూకేశావు. ఎందుకు బిగించాడు? చెక్క చట్రానికి ఏం వచ్చింది? పాఠకుడు అడిగేది అదే కదా.

ఒక్కసారి పియానో మూత ఎత్తి లోపలికి చూడు. ప్రతి తీగ ఒక కొస స్థిరంగా ఉన్న మేకుకి తగిలించి ఉంటుంది, రెండో కొస శ్రుతి చేసే పిన్నుకు చుట్టి ఉంటుంది. బిగించిన ప్రతి తీగా ఆ రెండు కొసల్నీ దగ్గరికి లాగుతూనే ఉంటుంది, పగలూ రాత్రీ. ఇవాళ్టి పెద్ద గ్రాండ్ పియానోలో తీగలన్నిటి లాగుడూ కలిపితే దాదాపు 20 టన్నులు. చికరింగ్ నాటి స్క్వేర్ పియానోలో, అంటే బల్లలా ఉండే దానిలో, అంత లేదు. కానీ దాన్ని కాయాల్సింది చెక్క. బోస్టన్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు వాతావరణం నీకు నేను చెప్పేదేముంది? వేసవిలో గాలినిండా తేమ, మన వానాకాలపు తలుపులా చెక్క ఉబ్బుతుంది. చలికాలం గదిలో స్టవ్ రాజేస్తే అదే చెక్క ఎండి ముడుచుకుని పగులుతుంది. చట్రం కాస్త కదిలినా శ్రుతి పోయినట్టే. ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిన పియానోలకూ అమెరికాలో ఈ బాధ తప్పలేదు.

పోత ఇనుము ఈ పనికి ఎందుకు కుదిరిందో కూడా రాయి. వంచబోతే అది పుటుక్కున విరుగుతుంది, కానీ రెండు పక్కల నుంచి నొక్కితే గట్టిగా నిలబడుతుంది. తీగలు చట్రాన్ని చేసేది ముఖ్యంగా ఆ నొక్కుడే. తేమకు ఉబ్బదు, ఎండకు పగలదు. ఇసుక అచ్చులో పోసి మొత్తం చట్రాన్ని ఒకే ముక్కగా తీయొచ్చు. ఇనుము వస్తే నాదం పలచబడి లోహపు మోత వస్తుందని గొణిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లకీ రెండు వాక్యాలు ఇవ్వు. అడ్డు చెప్పేవాడు లేని కథ చప్పగా ఉంటుంది.

ఇప్పుడు ఆల్ఫియస్ బాబ్‌కాక్ గురించి. నీ వ్యాసంలో ఆయన పేరే లేదు, నాకు అన్నిటికంటే పెద్ద లోటు అదే. స్క్వేర్ పియానోకు ఒకే ముక్క పోత ఇనుప చట్రం మీద పేటెంట్ 1825 డిసెంబరు 17న తీసుకున్నది బాబ్‌కాక్. ఆ చట్రంతో పేరూ డబ్బూ గడించింది మాత్రం ఆయన కాదు. 1837లో చికరింగ్ దగ్గర పనికి చేరి, 1842లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. చికరింగ్ స్క్వేర్ పియానో చట్రానికి 1840లో పేటెంట్ తీసుకున్నాడు, గ్రాండ్ పియానో చట్రానికి 1843లో. ఈ తేదీలు వరసగా పెట్టి ఊరుకో. చికరింగ్‌ను దొంగ అని రాయకు, అలా అనడానికి ఆధారం లేదు. బాబ్‌కాక్ ఆలోచనను ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చి, గ్రాండ్ పియానో దాకా నడిపించడం చిన్న పని కాదు. కానీ "కనిపెట్టాడు" అన్న క్రియ ఎవరి పేరు పక్కన పెడుతున్నావో చూసుకో.

చిన్నప్పటి కథ ఒకటి రాశావు: న్యూ ఇప్స్‌విచ్‌లో వడ్రంగం నేర్చుకుంటున్న కుర్రాడు ఊళ్లో పాడైపోయిన పియానోను బాగుచేశాడని, అది ఇంగ్లండ్ రాజకుమారి అమీలియాదని. కథ బాగుంది, ఉంచు. కాకపోతే రాజకుమారి సంగతి "అంటారు" అని రాయి. చివర్లో ఆయన కట్టించిన ట్రెమాంట్ స్ట్రీట్ ఫ్యాక్టరీ, వాషింగ్టన్‌లోని అమెరికా పార్లమెంటు భవనం తర్వాత దేశంలో అతిపెద్ద కట్టడమని నువ్వన్న మాటకూ ఇదే వైద్యం. ఎవరు కొలిచారు?

డబ్బు సంగతి నువ్వు దాటేశావు. 1830లో చికరింగ్‌తో చేతులు కలిపిన జాన్ మెకే ఓడల వర్తకుడు. ఆయన ఓడలు పియానోలను దక్షిణ అమెరికాకు మోసుకెళ్లి, తిరుగు ప్రయాణంలో రోజ్‌వుడ్, మహాగని దుంగలు తెచ్చేవి. 1841లో మెకే సముద్రంలోనే గల్లంతయ్యాడు. పియానో మెట్ల మీది తెల్లటి దంతం గురించి కూడా అడుగు. ఆ శతాబ్దంలో అమెరికన్ పియానోల దంతం చాలామటుకు తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవి మీదుగా కనెక్టికట్‌లో డీప్ రివర్, ఐవరీటన్ ఊళ్లకు వచ్చేది. ఏనుగు దంతాలను ఆఫ్రికా లోపలి నుంచి తీరానికి మోసినవాళ్లలో బానిసలుగా పట్టుబడ్డవాళ్లు ఉన్నారు. ఇది ఒక్క చికరింగ్ పాపం కాదు, మొత్తం ఆ పరిశ్రమది. బోస్టన్ డ్రాయింగ్ రూముల సొగసు అంత వర్ణించినదానివి, ఈ ముక్క వదిలేస్తే ఆ వర్ణన నిలబడదు.

అగ్నిప్రమాదం ఘట్టానికి "విధి వక్రించింది" అని ఎత్తుకున్నావు. తీసెయ్. 1852 డిసెంబరు 1న వాషింగ్టన్ స్ట్రీట్ ఫ్యాక్టరీ కాలిపోయింది. ట్రెమాంట్ స్ట్రీట్‌లో కొత్తది కట్టడం మొదలుపెట్టాడు. అది పూర్తి కాకుండానే 1853 డిసెంబరు 8న ఆయన పోయాడు. ఇంత చాలు. ఈ తేదీలకు విశేషణాలు అక్కర్లేదు.

స్టైన్‌వే పోటీకి నువ్వు రెండు పేజీలు ఇచ్చావు. ఆ కంపెనీ న్యూయార్క్‌లో పుట్టిందే 1853లో. 1867 పారిస్ ప్రదర్శనలో ఇద్దరికీ బంగారు పతకాలు వచ్చాయి, చికరింగ్ కొడుకు ఫ్రాంక్‌కు ఫ్రాన్సు ప్రభుత్వ గౌరవం లీజియన్ ఆఫ్ ఆనర్ కూడా దక్కింది. అది కొడుకుల కాలపు గొడవ, ఒక పేరాకు కుదించు. 1908లో సంస్థ అమెరికన్ పియానో కంపెనీ చేతికి వెళ్లడం ఒక వాక్యం.

ట్రెమాంట్ స్ట్రీట్ ఫ్యాక్టరీ ఎర్ర ఇటుకల భవనం ఇంకా ఉంది, 1970ల నుంచి కళాకారులు అందులో కాపురాలుంటున్నారు. నువ్వు ఆ ఊళ్లోనే ఉండి ఫొటో చూసి వర్ణించావని చదువుతుంటేనే తెలిసిపోతోంది. ఓ ఆదివారం వెళ్లు. తర్వాత మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో పాత వాద్యాల గది చూడు. అక్కడ ఆ కాలపు స్క్వేర్ పియానో కనబడితే, చట్రం ఎక్కడ చెక్క, ఎక్కడ ఇనుము అని నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకో.

మొత్తం వ్యాసం మళ్లీ రాసేదాకా ఆగక్కర్లేదు. ముందు బాబ్‌కాక్ పేరా ఒక్కటే రాసి పంపు.

శుభం,
మీ మాస్టారు