అమెరికా డిబేట్లను టీవీలో ఎంతమంది చూస్తారు? ఆ అంకెలను ఎలా చదవాలి?

2016లో అధ్యక్ష అభ్యర్థులు హిల్లరీ, ట్రంప్ తొలి డిబేట్‌ను 8.4 కోట్ల మంది చూస్తే, 2024 జూన్‌లో బైడెన్, ట్రంప్ డిబేట్‌ను 5.13 కోట్ల మందే చూశారు కదా, అమెరికా జనానికి రాజకీయాల మీద ఆసక్తి పోయిందా అని మీ ప్రశ్న. పోలేదనే నా జవాబు. రెండు అంకెలూ నిజమైనవే. కానీ వాటిని పక్కపక్కన పెట్టి ఆసక్తి పెరిగిందనో తగ్గిందనో తేల్చడం కుదరదు.

నేను ఉండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. చదువుకోవడానికి వచ్చినప్పటి నుంచి ప్రతి ఎన్నికలోనూ డిబేట్లు చూస్తూనే ఉన్నాను. నాకు ఓటు లేదు. అయినా వీసాల మీద అభ్యర్థులిద్దరూ ఏం మాట్లాడతారో అని మా ఇళ్లల్లో ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు. మర్నాడు పొద్దున ఆఫీసులో అందరూ మాట్లాడుకునేది అదే. అందుకే ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకోవాలనిపించింది.

లెక్క వేసేది నీల్సన్ సంస్థ. మన దగ్గర టీవీ చానెళ్లకు బార్క్ సంస్థ ఇచ్చే టీఆర్‌పీ ఎలాగో ఇదీ అలాగే. అందరి ఇళ్లనూ లెక్కపెట్టరు. దేశమంతటా ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెట్టి, అక్కడ చూసినదాన్ని బట్టి మొత్తం దేశానికి అంచనా కడతారు. చాలామంది గమనించని సంగతి ఇంకోటి ఉంది. 8.4 కోట్లు అంటే డిబేట్ జరుగుతున్నంతసేపూ సగటున ఏ నిమిషంలోనైనా టీవీ ముందు ఉన్నవాళ్లు. పది నిమిషాలు చూసి వంటింట్లోకి వెళ్లినవాళ్లను కూడా కలిపి ఒక్కొక్కరుగా లెక్కపెడితే అంకె ఇంకా పెద్దదవుతుంది. ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో యూట్యూబ్‌లో చూసినవాళ్లు చాలావరకు ఈ లెక్కలోకి రారు. 2016లో మా అపార్ట్‌మెంట్‌లో కేబుల్ లేదు. రూమ్మేట్స్ అందరం ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చుని చూశాం. ఆ 8.4 కోట్లలో మేం లేం. ఇక్కడ రాత్రి 8 గంటలకు మొదలైతే తెనాలిలో అప్పటికి పొద్దున ఆరున్నర. అమ్మ కాఫీ పెడుతూ, నాన్న పేపరు పక్కన పెట్టి ఫోన్లో చూస్తారు. అమెరికా బయట చూసేవాళ్లు అసలే లెక్కలోకి రారు.

పాత సంగతులు చూస్తే ఈ తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. 1960 సెప్టెంబర్ 26న షికాగో స్టూడియోలో కెనడీ, నిక్సన్ మొదటిసారి ఎదురుపడినప్పుడు చూసినవాళ్లు దాదాపు 6.64 కోట్లు. అప్పటి దేశ జనాభా సుమారు 18 కోట్లు. అంటే మూడో వంతుకు పైగా. 1980 అక్టోబర్ 28న కార్టర్, రీగన్ డిబేట్‌కు 8.06 కోట్లు, జనాభా 22.6 కోట్లకు కాస్త పైన. ఈ రికార్డును 36 ఏళ్లపాటు ఎవరూ దాటలేదు. 2016లో దాటింది నిజమే, కానీ అప్పటికి జనాభా 32 కోట్లు దాటిపోయింది. అంటే చూసింది నాలుగో వంతుకు కాస్త పైన, అంతే. వంతులో 1960 కాస్త ముందున్నా, నా దృష్టిలో అసలు పెద్ద రోజు 1980దే. వాళ్లిద్దరి మధ్య జరిగింది ఒకే ఒక్క డిబేట్, అదీ పోలింగ్‌కు సరిగ్గా వారం ముందు. పైగా అప్పట్లో ప్రధానంగా మూడే నెట్‌వర్కులు. ఆ రాత్రి టీవీ పెడితే కనిపించేది అదే.

తర్వాత ఆ పరిస్థితి పోయింది. 2000 అక్టోబర్‌లో బుష్, గోర్ మొదటి డిబేట్ రోజున ఫాక్స్ నెట్‌వర్క్ తన కొత్త డ్రామా వేసుకుంది, ఎన్‌బీసీ చానెల్ బేస్‌బాల్ చూపించుకునే వీలు తన స్టేషన్లకు ఇచ్చింది. ఆ ఏడాది మూడు డిబేట్లకూ వచ్చిన అంకెలు 4.66, 3.75, 3.77 కోట్లు. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో తేలిన ఎన్నిక అది! పోటీ హోరాహోరీగా ఉంటే జనం ఎగబడి చూస్తారు అనే మాటను నేను అందుకే నమ్మను.

వారంలో ఏ రోజు జరిగిందన్నది మాత్రం తప్పకుండా చూడాలి. 2008లో ఒబామా, మెక్‌కెయిన్ మొదటి డిబేట్ శుక్రవారం పడింది, 5.24 కోట్లు. రెండోది మంగళవారం, 6.32 కోట్లు. 2004లో కూడా అంతే. గురువారం జరిగిన మొదటిదానికి 6.24 కోట్లు ఉంటే, శుక్రవారం జరిగిన రెండోదానికి 4.67కి పడిపోయింది. టెక్సాస్‌లో ఉండేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఇక్కడ శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఫుట్‌బాల్, ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. 2016లో రెండో డిబేట్ ఆదివారం పెట్టారు. ఎన్‌బీసీ ఆ రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ వేసుకుంది. 8.4 కోట్లు కాస్తా 6.65 అయింది. పదమూడు రోజుల్లో దేశానికి ఆసక్తి చచ్చిపోయిందని ఎవరం అనం కదా.

ఇక జనాన్ని టీవీ ముందుకు తెచ్చేది ఏమిటంటే, కొత్త ముఖం. 2008లో బైడెన్, సారా పేలిన్ ఉపాధ్యక్ష డిబేట్‌కు 6.99 కోట్లు. ఆ ఏడాది అధ్యక్ష అభ్యర్థుల మూడు డిబేట్లలో ఏదీ అంత చేరలేదు. అప్పటిదాకా దేశానికి పెద్దగా తెలియని పేలిన్ ఏం మాట్లాడుతుందో అని అందరికీ కుతూహలం. మా తెలుగువాళ్లలో ఇలాంటిదే 2024 అక్టోబర్ 1న జరిగిన వాన్స్, వాల్జ్ ఉపాధ్యక్ష డిబేట్‌కు చూశాను. దేశం మొత్తం మీద దానికి వచ్చింది 4.3 కోట్లే, 2020లో కమలా హారిస్, మైక్ పెన్స్ డిబేట్ కంటే ఒకటిన్నర కోట్లు తక్కువ. మాకు తెలిసిన ఇళ్లల్లో మాత్రం అధ్యక్ష డిబేట్లను పట్టించుకోని పెద్దవాళ్లు కూడా ఆ రోజు కూర్చుని చూశారు. వాన్స్ భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు మరి. మా వీధిలో తణుకు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వాన్స్ పార్టీకి పూర్తి వ్యతిరేకి. ఆవిడ కూడా చివరిదాకా లేవలేదు.

ఇప్పుడు మీరు చెప్పిన 5.13 కోట్ల దగ్గరకు వద్దాం. 2000 తర్వాత ఏ ఎన్నికలోనూ మొదటి డిబేట్‌కు ఇంత తక్కువమంది రాలేదు. జూన్ 27, ఎండాకాలం సెలవులు, పార్టీల మహాసభలు కూడా ఇంకా జరగలేదు. ఇద్దరూ అందరికీ తెలిసిన ముఖాలే, 2020లో ఒకసారి పోట్లాడుకున్నవాళ్లే. కానీ ఆ రాత్రి బైడెన్ తడబాటు చిన్న చిన్న క్లిప్పులుగా మారి, అసలు టీవీయే పెట్టనివాళ్ల ఫోన్లలోకి కూడా వెళ్లింది. నాకు తెల్లారేసరికి మూడు నాలుగు గ్రూపుల్లో ఒకే క్లిప్ వచ్చింది. జులై 21న ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. 8.4 కోట్ల మంది చూసిన 2016 డిబేట్ తర్వాత ఇలాంటిదేమీ జరగలేదు. చూసినవాళ్ల సంఖ్యను బట్టి ప్రభావాన్ని అంచనా వేయడం ఎందుకు కుదరదో ఈ ఒక్క ఏడాదే చెబుతుంది. అదే ఏడాది సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో హారిస్ వచ్చేసరికి అంకె 6.71 కోట్లకు లేచింది. రెండున్నర నెలల్లో కోటిన్నర మందికి పైగా పెరిగారు. ఆసక్తి పోయిన దేశంలో ఇది జరగదు.

2028లో మళ్లీ ఇలాంటి వార్త కనిపిస్తే ముందు అది వారంలో ఏ రోజు జరిగిందో, ఎన్ని చానెళ్లలో వచ్చిందో చూడండి. ఆన్‌లైన్ లెక్క కలిపారా అన్నది కూడా చూడండి, కొన్ని చానెళ్లు తమ యూట్యూబ్ వ్యూస్ విడిగా ప్రకటిస్తాయి. వాటిని నీల్సన్ అంకెకు కలపకండి. చాలాచోట్ల వీడియో తెరిచిన ప్రతిసారీ ఒక వ్యూ పడుతుంది, నిమిషాల సగటుకూ దానికీ పొంతన ఉండదు. పోల్చాలనుకుంటే అదే ఏడాది జరిగిన డిబేట్లతో, వారంలో ఏ రోజో సరిచూసుకుని పోల్చండి.