పందిరి చక్రానికి 64 ఎల్ఈడీలు: ఊనో పిన్నులు చాలకపోతే

ఒంగోలు నుంచి అడిగినవారికి. వినాయకుడి వెనక పెట్టే చక్రానికి 64 ఎర్ర ఎల్ఈడీలు, చేతిలో ఒక ఆర్డ్యునో ఊనో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు), చార్లీప్లెక్సింగ్ (ప్రతి రెండు పిన్నుల మధ్య రెండు దిక్కులా ఒక్కో ఎల్ఈడీ పెట్టే పద్ధతి) చేస్తే 9 పిన్నులు సరిపోతాయి కదా అన్నారు. లెక్క సరైనదే, 9ని 8తో గుణిస్తే 72. అయినా పందిరికి ఆ దారి వద్దంటాను.

అందులో మామూలుగా ఏ క్షణంలో చూసినా వెలిగేది ఒక్కటే. గబగబా తిప్పుతాం కాబట్టి అన్నీ వెలిగినట్టు కనిపిస్తాయి గానీ, ఒక్కోదానికి దక్కేది 64వ వంతు సమయమే. ఇంట్లో చీకట్లో బాగుంటుంది, ఫోకస్ లైట్ల ముందు వెలవెలబోతుంది. పైగా ఒక్కటి పోయినా కరెంటు పక్కదారిన పోయి సంబంధంలేనివి మసగ్గా వెలుగుతాయి. కావలిలో ఒక పందిరివాళ్లు అలాంటి చక్రమే నా దగ్గరికి తెచ్చారు. చచ్చిన ఎల్ఈడీని పట్టుకోవడానికే రాత్రి చాలాసేపు పట్టింది, బయట కమిటీవాళ్ల టెన్షన్ వేరే.

నేనైతే 74హెచ్‌సీ595 ఐసీలు ఎనిమిది వాడతాను. ఇది షిఫ్ట్ రిజిస్టర్, ఒక్కొక్కటిగా పంపిన బిట్లని ఎనిమిది కాళ్ల మీద బయటపెడుతుంది. డేటా, క్లాక్, లాచ్ కలిపి మూడే పిన్నులు. ఒక ఐసీ 9వ కాలు తర్వాతి ఐసీ 14వ కాలికి, ఇలా గొలుసులా కలుపుకుంటూ పోవాలి. 10వ కాలు (రీసెట్) 5 వోల్టులకి. 64 బిట్లూ పంపాక లాచ్ ఒక్కసారి కొడితే చాలు, అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. వెలగాల్సినవి నిరంతరంగా వెలుగుతాయి, ఒకటి పోతే అదొక్కటే పోతుంది.

ఒక్కో ఎల్ఈడీకి 470 ఓమ్స్ రెసిస్టర్ పెట్టండి. ఎర్రదానికి సుమారు 6 మిల్లీ ఆంప్స్ వస్తుంది. ఐసీ మొత్తానికి 70 మిల్లీ ఆంప్స్ హద్దు, ఎనిమిదీ వెలిగినా 50 దగ్గరే ఉంటాం. ప్రతి ఐసీ పవర్ కాళ్ల దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి. అది లేకపోతే జనరేటర్ మీద పిచ్చిపిచ్చిగా మిణుకుతాయి. ఇంకొకటి, స్విచ్ వేయగానే 595లో ఏదో చెత్త వెలుగుతుంది. 13వ కాలిని (ఇది పైన ఉన్నంతసేపు అవుట్‌పుట్లు ఆగి ఉంటాయి) 10 కిలో ఓమ్స్‌తో 5 వోల్టులకి లాగి, ఊనో అన్నీ సున్నా చేశాక దాన్ని కిందికి దించితే ఆ గోల ఉండదు. నాలుగో పిన్ను ఖర్చవుతుంది, పర్లేదు.

అన్నీ వెలిగితే 400 మిల్లీ ఆంప్స్ పైనే, అందుకని ఊనో మీద భారం వేయకండి. 5 వోల్టుల 2 ఆంప్స్ ఛార్జర్ వేరేగా పెట్టి, దాని మైనస్‌ని ఊనో గ్రౌండ్‌తో కలపండి.

రంగులు మారాలంటే మాత్రం ఈ తంటా ఏదీ వద్దు, డబ్ల్యూఎస్2812 స్ట్రిప్ (ప్రతి ఎల్ఈడీలోనూ సొంత చిప్ ఉండే రంగుల పట్టీ) ఒక్క పిన్నుతో నడుస్తుంది. కాకపోతే తెల్లగా పూర్తిగా వెలిగితే ఒక్కోటి 60 మిల్లీ ఆంప్స్ దాకా లాగుతుంది, ఆ ఛార్జర్ చాలదు.