ఐదు సినిమాల లిస్టు చూశాక

అమ్మడూ,

ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఒక్కదానివే వెళ్తున్నావని, ఒకే రోజు ఐదు సినిమాలు చూస్తావని మీ అమ్మ చెప్పింది. నీ లిస్టు కూడా పంపింది. పొద్దున డాక్యుమెంటరీ, తర్వాత మూకీ సినిమా, మధ్యాహ్నం షార్ట్ ఫిల్మ్స్, సాయంత్రం మూడు గంటల పైన నడిచే సినిమా, రాత్రికి హారర్. హీరో ఎవరో తెలియనిదే టికెట్ కొనని ఇంట్లో పుట్టి ఇలాంటి లిస్టు రాశావంటే, నిజం చెప్తున్నా, చాలా గర్వంగా అనిపించింది. రెండోసారి చదివేసరికి టెన్షన్ పట్టుకుంది. షార్ట్ ఫిల్మ్స్ అయిన ఐదు నిమిషాలకే నాలుగో సినిమా, అదీ వేరే హాల్లో! ఎగిరి వెళ్తావా?

పాస్ మెడలో వేసుకో, నీళ్ల సీసా, పల్చటి శాలువా పెట్టుకో, వేళకి ఏదో ఒకటి తిను. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియంది షెడ్యూల్ సంగతి. అందులో సినిమా నిడివి మాత్రమే ఉంటుంది. మొదట్లో పరిచయం, ఆఖర్లో దర్శకుడితో ప్రశ్నలూ జవాబులూ చాలాసార్లు లెక్కలోకి రావు. పైగా ఇప్పుడు సినిమా డిజిటల్ ఫైల్‌గా వస్తుంది, దానికి తాళం ఉంటుంది. ఫలానా సర్వర్‌లో (హాల్లో సినిమా నడిపే కంప్యూటర్), ఫలానా తేదీల మధ్య మాత్రమే తెరుచుకునేలా కీ విడిగా పంపుతారు. ఆ కీ పనిచెయ్యకపోతే హాలంతా కూర్చుని తెల్ల తెర చూడాల్సిందే. పొద్దున ఒక షో ఆలస్యమైందంటే ఆ స్క్రీన్‌లో సాయంత్రం దాకా అన్నీ వెనక్కి జరుగుతాయి. అందుకే రెండు సినిమాల మధ్య కనీసం ముప్పావు గంట వదులు. ఐదు కుదరకపోతే నాలుగు చూడు. నాలుగు చూసినందుకు నిన్నెవరూ ఫెయిల్ చెయ్యరు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. నీ వయసులో తనూ నాతో ఫెస్టివల్‌కి వచ్చింది. నీకులాగే లిస్టు, ఎర్ర పెన్నుతో టైములు. మధ్యాహ్నం ఒక సినిమాకి కూర్చున్నాం. ఒక ముసలాయన ఇల్లు అమ్మాలి, కొడుకు తొందరపెడుతుంటాడు. అంతే కథ. ఆయన గదులు ఊడుస్తాడు, గోడకి మేకులు పీకుతాడు, కిటికీ దగ్గర కూర్చుంటాడు. మీ అమ్మ గడియారం చూసుకోవడం మొదలెట్టింది. పక్క హాల్లో అందరూ చెప్పుకునే సినిమాకి క్యూ పెరుగుతోందని తన బాధ. ఇంకో పది నిమిషాలుందనగా నా చెవిలో, 'ఎలాగూ అమ్మేస్తాడు, నేను పోతున్నా' అంది. ఆగవే అని కొంగు పట్టుకున్నా ఆగలేదు. చీకట్లో మెట్లు, కళ్లు ఇంకా తెర వెలుగులోనే ఉన్నాయి, మడమ మెలికపడింది. కుంటుకుంటూ పక్క హాలుకి వెళ్తే నిండిపోయిందని తలుపు మూసేశారు.

నేను బయటికొచ్చేసరికి బెంచీ మీద కాలు చాపుకుని కూర్చుంది. పాదం ఉబ్బిపోయింది. నా మొహం చూసి, 'ఏడ్చావా? అమ్మేశాడా?' అంది. 'లేదు. కొడుకు చెయ్యి చాపాడు, ఈయన తాళంచెవి ఇవ్వలేదు' అన్నా. 'అంతేనా?' అంది. నేనేం చెప్పను! ఆ 'అంతే' లోపల పది నిమిషాలు నడిచింది, మాట లేదు, మ్యూజిక్ లేదు, హాల్లో ఒక్కరూ దగ్గలేదు. మిగతా రోజంతా తన కాలికి ఐసు పెట్టడంతో సరిపోయింది. ఇప్పటికీ ఆ సినిమా పేరెత్తితే, 'అబ్బో, సాగదీత' అంటుంది. ఆఖరు చూడని మనిషి! నాకు ఒళ్లు మండుతుంది, జాలీ వేస్తుంది.

కాబట్టి జారని చెప్పులు వేసుకో. దీపాలు వెలిగేదాకా లేవకు. మెట్లు, మెట్లు, మెట్లు. నవ్వుకుంటున్నావు కదూ? నవ్వుకో.

నీ నాలుగో సినిమా గురించి కాస్త చెప్పాలి. నెమ్మదిగా నడిచే సినిమాకి మొదటి అరగంట విసుగు రావడం మామూలే, వెంటనే తీర్పు చెప్పెయ్యకు. బెల్జియం దర్శకురాలు శాంతాల్ అకెర్మన్ 1975లో తీసిన 'ఝాన్ డీల్‌మాన్' ఉంది, 201 నిమిషాలు. ఒకావిడ వంట, గిన్నెలు, పక్క సర్దడం. ఆవిడ పని రోజూ ఎంత పద్ధతిగా సాగుతుందో మనం కూర్చుని చూస్తేనే, తర్వాత బంగాళాదుంపలు మరీ ఉడికిపోయినప్పుడు గుండె దడదడలాడుతుంది. మధ్యలో వచ్చినవాడికి అది చెడిపోయిన వంటే. 2022లో సైట్ అండ్ సౌండ్ అనే సినిమా పత్రిక, అన్ని కాలాల్లోకీ గొప్ప సినిమా ఏదని విమర్శకుల్ని అడిగితే, వాళ్ల ఓట్లలో అదే మొదటి స్థానంలో నిలిచింది. అలాంటి సినిమా నీరసంగా ఉన్నప్పుడు చూడకూడదు. వీలైతే నీ పొడుగు సినిమాని పొద్దున షోకి మార్చుకో. తిన్నాక కునుకొచ్చే వేళకి షార్ట్ ఫిల్మ్సే మంచివి, ఒకటి పోయినా ఇంకొకటి లేపుతుంది. కాకపోతే వరసగా వచ్చేస్తాయి, పేర్లు కలిసిపోతాయి. ఒక్కోదానికి ఒక్క మాట చిన్న పుస్తకంలో రాసుకో. ఫోన్ తియ్యకు, ఆ వెలుగు వెనకవాళ్ల కళ్లలో పడుతుంది.

మూకీకి ఎవరైనా పక్కన కూర్చుని పియానో వాయిస్తుంటే అదృష్టమనుకో. మనుషులు గబగబా నడుస్తున్నట్టుంటే నవ్వకు. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకి ఇన్ని ఫ్రేములని ఒకే లెక్క లేదు. 24 అన్నది మాటలొచ్చాక స్థిరపడింది. తక్కువ వేగంతో తీసినదాన్ని ఇప్పటి వేగంతో వేస్తే అలాగే పరిగెత్తుతుంది.

సీటు మధ్య వరసకి కాస్త వెనక చూసుకో. ఫెస్టివల్స్‌లో ఒక్కోసారి సబ్‌టైటిల్స్ తెర కింద వేరే పట్టీ మీద వేస్తారు, ముందు పొడుగు మనిషి కూర్చుంటే కథంతా ఆయన జుట్టే.

యుద్ధం మీద డాక్యుమెంటరీతో రోజు మొదలెడుతున్నావు. అందులో వాళ్లు నటులు కారు. అయిపోగానే పరుగెత్తకు, కాసేపు బయట నడువు. ఏడుపొస్తే ఏడువు, సిగ్గేం లేదు. రాత్రి హారర్ మాత్రం నాకిష్టం లేదు. భయపడతావని కాదు, అంత రాత్రి ఒంటరిగా తిరిగి రావాలని. వెళ్లేదుంటే తిరిగొచ్చే బండి ముందే మాట్లాడుకో, ఎక్కగానే నాకు మెసేజ్ పెట్టు. నేను మేలుకునే ఉంటా.

మర్నాడు ఫోన్ చేసి నచ్చినవి మీ అమ్మకి చెప్పుకో. నచ్చనిది నాకు చెప్పు, ఎక్కడ చిరాకేసిందో సీనుతో సహా. నేను ఒప్పుకోను, పోట్లాడదాం.

మీ పెద్దమ్మ