స్కూల్లో వాలంటీరింగ్: ఏడాదికి ఒక్క పని ఒప్పుకోండి

ఆగస్టులో స్కూళ్ళు తెరవగానే, కొత్తగా అమెరికా వచ్చిన అమ్మాయిలు నన్ను అడిగే మాట దాదాపు ఒకటే. "అక్కా, టీచరు వాలంటీర్లు కావాలని మెయిల్ పెట్టింది. వెళ్ళకపోతే మావాణ్ణి చిన్నచూపు చూస్తారా? వెళ్దామంటే ఇంట్లో చంటిది. ఆయనకి పొద్దున్నే మీటింగులు. వంట, బట్టలు, డ్రాపింగు, పికప్పు అన్నీ నామీదే. ఎట్లా మరి?"

ముందు ఆ భయం వదిలెయ్యండి. మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా పిల్లాడి చదువుకీ గ్రేడ్లకీ దానితో సంబంధం లేదు. అయినా వెళ్ళమనే చెప్తాను, మీకోసం.

స్కూల్లో చేర్చేటప్పుడు ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఫారం ఇస్తారు. అమ్మానాన్నలు దొరక్కపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో, పిల్లని ఎవరు తీసుకెళ్ళొచ్చో రాయాలి. మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో చేరిన ఏడు ఆ గడుల దగ్గర పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అమ్మ, అత్తగారు, ఆడపడుచు అందరూ ఇండియాలో ఉన్నారు. మావారి ఆఫీసు స్నేహితుడి పేరు ఒకటి రాసి, రెండో గడి ఖాళీగా ఇచ్చాను. మరుసటి ఏడాది ఆ రెండు గడుల్లోనూ రాసినవి, బుధవారాలు క్లాసులో నా పక్కన కూర్చుని కాగితాలు కత్తిరించిన ఇద్దరు తల్లుల పేర్లు. ఒకావిడది మెక్సికో, ఇంకొకావిడ మా పక్క వీధిలో ఉండే కొరియా ఆవిడ. మనవాళ్ళు లేనిచోట ఇలాగే మనవాళ్ళవుతారు.

ఇక ఎంత చెయ్యాలన్నది. ఏడాదికి ఒకే పని, అదీ ఏ రోజో, ఏ టైమో ముందే తెలిసిన పని ఒప్పుకోండి. బుధవారం పొద్దున ఒక గంట అనుకుంటే అంతే. ఇది నేను కష్టపడి నేర్చుకున్నాను. రెండో ఏడు మొహమాటానికి పోయి రూమ్ పేరెంట్‌గా, అంటే క్లాసు పార్టీలవీ చూసుకునే తల్లిగా ఒప్పుకున్నాను, బుక్ ఫెయిర్ ఒప్పుకున్నాను, మల్టీకల్చరల్ నైట్‌లో ఇండియా టేబులూ నేనే పెడతానన్నాను. బుక్ ఫెయిర్ రోజు గల్లాపెట్టె దగ్గర నిలబడి, చిన్నాడికి జ్వరమని డాక్టరుకి మెసేజ్ పెడుతూ, వరసలో ఉన్న పిల్లలకి చిల్లర ఇస్తున్నాను. ఒక పాపకి చిల్లర చేతిలో పెట్టి "నెక్స్ట్" అన్నాను. ఆ పాప కదల్లేదు. తలెత్తి చూస్తే మా అమ్మాయి. కొనుక్కున్న పుస్తకం నాకు చూపిద్దామని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. దానికోసమే కదా నేను ఆ స్కూలుకి వెళ్ళింది! ఆ రాత్రే రెండు పనులు వేరేవాళ్ళకి అప్పగిస్తూ మెయిల్ రాశాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. ముందే కుదరదని చెప్తే ఇక్కడ తప్పు పట్టరు. ఒప్పుకుని ఆ పూట రాకపోతేనే మాట పోతుంది.

ఏ పని ఎంచుకోవాలంటే, ఒకటో రెండో గ్రేడు పిల్లలుంటే చదివించే పని అడగండి. హాల్లో చిన్న కుర్చీల మీద ఒక్కో పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని పది నిమిషాలు చదివించడం. నా దగ్గరికొచ్చే ఒక బాబు పదాల కింద వేలు పెట్టి చదువుతూ, ప్రతిసారీ 'సెడ్' దగ్గర ఆగేవాడు. "సా... సాయి..." అని కూడబలుక్కుని నా మొహంలోకి చూసేవాడు. రాసింది ఎస్, ఏ, ఐ, డి. పలకాల్సింది సెడ్. మన అక్షరాలైతే రాసినట్టే చదువుతాం. ఇంట్లో మా అమ్మాయి ఇలాంటి మాటల దగ్గరే తడబడుతుంటే "సరిగ్గా చూసి చదువు" అని కసిరేదాన్ని. చూసి చదివితే వచ్చే మాట కాదని ఆ బాబు పక్కన కూర్చున్నాకే నాకు తెలిసింది. మీ ఇంగ్లీషు గురించి బెంగపడకండి. ఆ వయసు పిల్లలకి యాస పట్టదు, పక్కన ఓపిగ్గా కూర్చునే మనిషి కావాలి.

చంటిబిడ్డ ఉంటే మాత్రం క్లాసులోకి వెళ్ళే పని పెట్టుకోకండి, చిన్నవాళ్ళని వెంట తీసుకురావద్దనే స్కూళ్ళే ఎక్కువ. టీచరుని ఇంటికి పని పంపమని అడగండి. లామినేట్ చేసిన కార్డులు కత్తిరించడం, పుస్తకాలు పిన్ను కొట్టడం లాంటివి సంచిలో పెట్టి పంపిస్తారు. పాప పడుకున్నాక చేసుకోవచ్చు.

హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగి భార్యగానో భర్తగానో వచ్చే వీసా మీద ఉన్నవాళ్ళు వాలంటీరింగ్ చెయ్యొచ్చా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. అందరు తల్లిదండ్రులూ ఊరికే చేసే పనిని మీరూ ఊరికే చేస్తే ఇబ్బంది లేదు. "ఎంతో కొంత స్టైపెండ్ ఇస్తాం, లంచ్ డ్యూటీకి గంటకింత ఇస్తాం" అంటే మాత్రం అది ఉద్యోగం. దానికి ఈఏడీ, అంటే పనిచెయ్యడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి కార్డు ఉండాలి. అది హెచ్-4లో కొంతమందికే ఇస్తారు, అదీ 2015 నుంచే మొదలైంది. డబ్బు మాట వచ్చినప్పుడు ఆగి అటార్నీని అడగండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు గడి చూసి వెనక్కి తగ్గకండి. నా దగ్గర లేదని ఆఫీసులో చెప్పి, పాస్‌పోర్టు చూపించి, ఏం చెయ్యాలో అడగండి. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో వేలిముద్రలు, టీబీ పరీక్ష కూడా అడుగుతారు. అవి పూర్తవడానికి వారాలు పడుతుంది. ఫీల్డ్ ట్రిప్ ముందురోజు మొదలుపెడితే బస్సెక్కనివ్వరు.

తిండి విషయంలో మనవాళ్ళు పొరపడుతుంటారు. దీపావళికి క్లాసుకి చిక్కీయో నువ్వులుండలో ప్రేమగా చేసి పట్టుకెళ్ళాలని మనసు లాగుతుంది. వద్దు. వేరుశనగ పడని పిల్లలకి ప్రాణం మీదికి వస్తుంది. నువ్వుల్ని కూడా ఇక్కడి చట్టం తొమ్మిదో ముఖ్య ఎలర్జీ పదార్థంగా చేర్చింది, 2023 జనవరి 1 నుంచి ప్యాకెట్ల మీద రాసి తీరాలి. ఇంట్లో చేసినవి చాలా స్కూళ్ళు అసలు రానివ్వవు. ముగ్గు వెయ్యడం నేర్పండి. నల్ల కాగితం, రంగు సుద్దలు, చుక్కలు పెట్టి చూపిస్తే చాలు, పాతికమంది పిల్లలు కిక్కురుమనకుండా కూర్చుంటారు.

ఇంకొకటి. క్లాసులో ఏ పిల్ల ఏ లెవెల్ పుస్తకం చదువుతోంది, ఎవరు ఏడ్చారు, ఎవర్ని బయటికి పంపారు అన్నీ మీ కంట పడతాయి. వాట్సాప్ గ్రూపులో ఆ ఊసెత్తకండి, ఫోటోలూ పెట్టకండి. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం 1974 నుంచే ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ఉంది, స్కూళ్ళు ఈ విషయంలో చాలా గట్టిగా ఉంటాయి. చట్టం సంగతి అటుంచి, ఆ పిల్ల తల్లి మీరే అయితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పీటీఏ, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి నడిపే సంఘం, 1897లో వాషింగ్టన్ డీసీలో తల్లుల సభగా మొదలైంది. ఇన్నేళ్ళయినా మీటింగుకి వెళ్తే తల్లులే ఎక్కువ కనిపిస్తారు. మీ ఇంట్లో అలా కానివ్వకండి. బుక్ ఫెయిర్‌కి సాయంత్రం షిఫ్టులుంటాయి, కార్నివాల్‌కి టెంట్లు వెయ్యడం, బల్లలు మొయ్యడం ఉంటాయి. సైనప్ షీట్‌లో మీ పేరు పక్కన ఆయన పేరూ రాయండి. చాలా కంపెనీలు ఉద్యోగి వాలంటీరు చేసిన గంటలకి లెక్కగట్టి ఆ సంస్థకి డబ్బు ఇస్తాయి, ఆయన హెచ్ఆర్‌ని అడిగితే చెప్తారు. కాలిఫోర్నియాలో 25 మంది, అంతకు మించి పనిచేసే చోట ఉద్యోగి పిల్లల స్కూలు పనులకి ఏడాదికి 40 గంటల దాకా సెలవు తీసుకోవచ్చు, నెలకి 8 గంటలకి మించకుండా. నార్త్ కరొలైనాలో ఏడాదికి 4 గంటలు. మీ రాష్ట్రంలో ఏముందో కనుక్కోండి. మీరు ఉద్యోగం చేస్తుంటే ఆ హక్కు మీకూ ఉంది.

ఏడాది మొదట్లో తల్లిదండ్రులు టీచరుని కలిసే బ్యాక్ టు స్కూల్ నైట్ రోజు క్లాసు తలుపు పక్కన సైనప్ కాగితం పెడతారు. వెళ్ళేముందే ఇంట్లో కూర్చుని వారంలో ఏ గంట ఖాళీయో ఇద్దరూ చూసుకోండి. ఆ గంటకి సరిపడే వరస ఉంటే పేరు రాయండి. లేకపోతే టీచరుకి నమస్కారం చెప్పి, జనవరిలో మళ్ళీ అడుగుతానని ఇంటికి వచ్చెయ్యండి.