దేవరకొండల దుకాణం పెట్టే కోడలికి

బిడ్డా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. దేవరకొండ బస్టాండ్ కాడ మడిగె కిరాయికి తీసుకున్నవట, జిరాక్సు, ఆన్‌లైన్ పనులు పెడ్తున్నవట. మా ఇంట్ల ఆడపిల్ల సొంతంగ షట్టర్ లేపుతదంటే ఛాతి ఉబ్బింది. రెండు ప్రింటర్లూ వైఫైవే అన్నంక మాత్రం నిద్ర పట్టలే.

ఇన్వర్టర్ పెట్టుకో, పేపరు కట్టలు నేల మీద పెట్టకు, చిల్లర దగ్గరుంచుకో. ఇవన్నీ నీకు తెలిసినవే. ప్రింటర్‌కు నీ వైఫై పేరే కనవడకుంటే అమ్మినోనితో కొట్లాడకు. చానా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మీదనే నడుస్తయి, 5 గిగాహెర్ట్జ్‌ది వాటికి అందదు.

ఇగ అసలు సంగతి. రౌటర్ల సెక్యూరిటీ అని ఉన్న కాడ వైఫైకి ఏ రకం తాళం వెయ్యాల్నో అడుగుతది, డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ పెట్టు. 2018ల వచ్చిన డబ్ల్యూపీఏ3ని నీ ప్రింటర్లు పడ్తే ఇంకా మంచిది. అంతకన్న కిందికి ఎవలు చెప్పినా దిగకు. నేను దిగిన.

2011ల, నల్లగొండ క్లాక్ టవర్ కాడి నా దుకాణం నీకు యాదికుండది, చిన్నదానివి. స్కానర్‌తో ఉన్న పాత ప్రింటర్ ఒకటి సగం ధరకు దొరికింది. దానికి డబ్ల్యూఈపీ అనే పాత రకం తప్ప వేరే తాళం తెల్వదు. ఆ తాళం పనికిరాదని 2001లనే తేలింది. గాలిల పోయే డేటాను కాసేపు పట్టుకుంటే చాలు, సాఫ్ట్‌వేరే పాస్‌వర్డ్ చెప్తది. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ, ఒక్క ప్రింటర్ కోసం రౌటర్ మొత్తాన్ని డబ్ల్యూఈపీకి దించిన. మన నల్లగొండల గంత తెలివి ఎవనికున్నది అనుకున్న. మడిగె మీది రూముల ల్యాప్‌టాప్ పెట్టుకున్న పోరగాండ్లు నాకు యాదికే రాలే. అది చాలదన్నట్టు, స్కాన్ చేసినవి పడే ఫోల్డర్‌కు పాస్‌వర్డే లేదు. మాటిమాటికి ఏం కొడ్తంలే అని బద్ధకం.

అడ్మిషన్ల టైము. మునుగోడు దిక్కు నుంచి ఒకాయన బిడ్డను తోల్కొచ్చి ఇంటర్ మెమో, ఫొటో, ఫోన్ నంబర్ రాసిన దరఖాస్తు స్కాన్ చేయించుకొని పోయిండు. పది రోజులకు ఒక్కడే వచ్చిండు. కౌంటర్ ముందట జనం పోయేదాంక నిలవడ్డడు. భుజం మీది తువ్వాలతో మొఖం తుడుసుకొని, "సారూ, మా బిడ్డ కాయితాలు నీ దగ్గర తప్ప ఏడ ఇయ్యలే. ఎవడో రోజూ ఫోన్లు చేస్తున్నడు" అన్నడు. తిడ్తే బాగుండు. తిట్టలే. ఆయన పోయినంక రౌటర్ల చూస్తే నాయి కాని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కలిపి ఆరు. ఆ పిల్ల కాలేజీల చేరిందో, ఇంట్లనే కూసోవెట్టిన్రో అడిగే మొఖం నాకు లేకపాయె. ఆ ప్రింటర్‌ను తీగతో కంప్యూటర్‌కు పెడ్తే అయిపోయేది. తీగ నూట యాభై రూపాయలు.

గందుకే తిడ్తున్నట్టు రాస్తున్న, ఏమనుకోకు. వచ్చినోళ్లు వైఫై అడుగుతరు. వాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే వైఫై ఇయ్యి, ప్రింటర్లు, కంప్యూటర్ ఉన్న దాని పాస్‌వర్డ్ గోడ మీద రాయకు. డబ్ల్యూపీఎస్ పిన్ అని, పాస్‌వర్డ్ బదులు అంకెలు కొట్టి వైఫైల కలిసేది ఉంటది, అది బంద్ పెట్టు. చూస్తానికి ఎనిమిది అంకెలే గని రెండు ముక్కలుగ సరిచూస్తది, పదకొండు వేల సార్లు కొడ్తే దొరుకుతది. వైఫై డైరెక్ట్ అని ప్రింటరే సొంతంగ సిగ్నల్ ఇస్తది, పని లేకుంటే అదీ ఆపు. ప్రింటర్ సెట్టింగులకు కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చు. షట్టర్ దించే ముందు ఆ రోజు స్కాన్లు తీసెయ్యి. వాట్సాప్‌ల వచ్చిన ఆధార్లు గూడ.

నీ మీద నమ్మకం లేక కాదురా. నాకన్న నీకు మస్తు తెలుసు. నాకూ అప్పుడు తెలుసు మరి.

ముహూర్తం నాడు ఫస్ట్ బస్సుకు వస్త. రెండు తీగలు నా సంచిల పెట్టుకొస్త, నువ్వు కొనకు.

మీ మామ